చిన్న ట్రాక్టరు క్లచ్చి, బ్రేకు: మన చేతనైన మరమ్మతు
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలచుకోవడానికి ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను ట్రాక్టరు గురించి చెప్పమన్నారు. గుమాస్తాకు ట్రాక్టరుతో ఏం పని అని నవ్వుకోకండి. గ్రాట్యుటీ సొమ్ముతో సొంత ఊళ్ళో చీనీ తోట బాగుచేసుకొని, 15 హార్స్‌పవరు యువరాజో, 18 హార్స్‌పవరు శక్తి బండో కొన్నవారు ఈ సభలోనే ఉన్నారు. చెట్ల వరుసల మధ్య పెద్ద బండి తిరగదు, ఎద్దులను మేపే శక్తి మనకు లేదు.

మన జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఎర్ర నేలలో పదును మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. ఆ నాలుగు రోజుల్లో క్లచ్చి జారి బండి నిలబడిపోతే శెనక్కాయ విత్తనం ఇంట్లోనే ఉంటుంది. ఆ సమయంలో మెకానిక్కు పది ఊళ్ళవారు కబురు పెడతారు. కాబట్టి చిన్న సర్దుబాటు మనమే చేసుకోవడం నేర్చుకోవాలి.

క్లచ్చి పెడలును చేత్తో నొక్కితే మొదట కొంత దూరం తేలికగా దిగి, తరువాత బరువు తగులుతుంది. ఆ తేలిక దూరాన్నే ఫ్రీ ప్లే అంటారు. చాలా చిన్న బండ్లకు అది 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ బండి లెక్క కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి. క్లచ్చి ప్లేటు అరిగేకొద్దీ ఈ దూరం తగ్గుతూ వస్తుంది. పూర్తిగా పోయిందంటే, కాలు పెట్టకపోయినా పెడలు కొద్దిగా నొక్కినట్టే లెక్క. ఇంజను శబ్దం పెరుగుతుంది, బండి మాత్రం లాగదు, కాలిన వాసన వస్తుంది. దూరం మరీ ఎక్కువైతే క్లచ్చి పూర్తిగా విడవదు, గియరు వేసేటప్పుడు గరగరమంటుంది.

సరిచేసే పద్ధతి ఇది. బండిని సమమైన నేల మీద నిలిపి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. గియరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు బిగించి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి. పెడలు పక్కన స్కేలు నిలబెట్టి దూరం కొలవాలి. పెడలు కింది రాడ్డుకు ఉన్న లాక్ నట్టు వదులు చేసి, రాడ్డును అరచుట్టు చొప్పున తిప్పుతూ మళ్ళీ కొలవాలి. లెక్క కుదిరాక నట్టు బిగించాలి. కాటర్ పిన్ను తీసి ఉంటే పాతది పారేసి కొత్తది వేయాలి. ఎర్ర దుమ్ము చేరే కీళ్ళను తుడిచి గ్రీజు పట్టించాలి. గియరు లీవరు వదులుగా ఊగుతున్నా ముందు బయటి పిన్నులు, బుష్షులు చూడండి.

బ్రేకుకు ఎడమ, కుడి రెండు పెడళ్ళుంటాయి. రెండింటి ఫ్రీ ప్లే సమానంగా ఉండాలి. చేను దాటి రోడ్డెక్కేటప్పుడు రెండింటినీ కలిపే కొక్కెం తప్పక వేయాలి. వేయకుండా వేగంలో ఒకటే నొక్కితే బండి ఆ పక్కకు తిరిగి బోల్తా పడుతుంది. సర్దుబాటు అయ్యాక ఖాళీ చేనులో నిదానంగా నడిపి చూడాలి.

ఇక చేయకూడనివి. గియరులో ఉండగా స్టార్టు కాకుండా చాలా బండ్లకు ఒక స్విచ్చి ఉంటుంది. అది చెడితే కొందరు వైర్లు నేరుగా కలిపేస్తారు. ఇంకొందరు కింద నిలబడి స్క్రూడ్రైవరుతో స్టార్టరును తాకిస్తారు. గియరులో ఉంటే బండి వారి మీదికే వస్తుంది. ఆ స్విచ్చి ఖరీదు ప్రాణం ముందు ఎంత? ఫ్రీ ప్లే సరిగ్గా ఉన్నా క్లచ్చి జారుతుంటే ప్లేటు అరిగిందనో, దానికి ఆయిలు తగిలిందనో అర్థం. అప్పుడు బండిని రెండుగా విడదీయాలి. అది మెకానిక్కు పని, మన వయసులో జాకీల మధ్య దూరవద్దు.

మనకు తెలిసిన విద్య ఒకటుంది, రిజిస్టరు రాయడం. తేదీ, అవర్ మీటరు అంకె, సర్దుబాటుకు ముందు కొలత, తరువాత కొలత. నాలుగు గడులు చాలు. సర్దుబాట్ల మధ్య గంటలు తగ్గుతూ వచ్చినా, రాడ్డు మర చివరికి చేరినా ప్లేటు ఆయుష్షు తీరుతోందని ఆ రిజిస్టరే చెబుతుంది. మే నెలలో అది చూసి ప్లేటు మార్పించుకున్నవాడికి జూన్‌లో పదును తప్పదు. నడిపేటప్పుడు పెడలు మీద కాలు ఆనించి ఉంచకపోతే ఆ ప్లేటే ఎక్కువ కాలం వస్తుంది.

ఇవన్నీ చేతులతో నేర్చుకోదలచినవారు దూరం పోనక్కరలేదు. 1955లో మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో తొలి ట్రాక్టరు శిక్షణ కేంద్రం పెట్టిన కేంద్ర ప్రభుత్వం, దక్షిణాదికి అలాంటి సంస్థను 1983లో మన గార్లదిన్నె దగ్గరే నెలకొల్పింది. అక్కడ యంత్రాలను పరీక్షిస్తారు, రైతులకు నడపడం, నిర్వహణ నేర్పుతారు. మనం పోలేకపోతే బండి నడిపే కొడుకునో, మనవడినో పంపుదాం.