నోటిలో పిల్లలను సాకు చేప



చేప చూపుచేతను, తాబేలు తలపుచేతను, పక్షి స్పర్శచేతను తమ పిల్లలను పోషించునని మన పెద్దలు చెప్పుదురు. గురువు శిష్యుని కాచు తీరులకు ఈ మూడింటిని ఉపమానములుగా నేను బడిలో పలుమారులు చెప్పియున్నాను. అయితే చూపుచేత గాక నోటిచేతనే పిల్లలను కాపాడు చేప యొకటి కలదు. అదియే తిలాపియా. తమిళులు దీనిని జిలేబి చేప యందురు.

దీని పుట్టినిల్లు ఆగ్నేయ ఆఫ్రికా. అచ్చటి మలావి మహాసరస్సునుండి షైర్ నది వెడలి జాంబెజీ నదిలో కలియును. ఆ దిగువ జలములు దీని నివాసము. సరస్సులోని వందలాది సిక్లిడు జాతులు దీనికి దాయాదులు. 1852లో పీటర్సు అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి, మొజాంబికు దేశము పేర నామకరణము చేసెను.

మగచేప నీటి యడుగున గుంట త్రవ్వును. ఆడుచేప అందు గ్రుడ్లు పెట్టి, వెంటనే వానిని నోట నిడుకొనును. అది మొదలు సుమారు మూడు వారములు దానికి దాదాపు ఉపవాసమే. పిల్లలు ఈత నేర్చిన పిదపను, ఆపద తోచినచో తల్లి నోటిలోనికే పరుగెత్తును.

ఇంతటి వాత్సల్యమునకు చేతులు మోడ్పవలసినదే. కాని ఆ వాత్సల్యమే మన చెరువులకు చేటైనది. 1952లో దీనిని మన దేశమునకు తెచ్చిరి. ఇది 2, 3 నెలల ప్రాయముననే గ్రుడ్లు పెట్టగలదు. పిల్లలలో పెక్కు బ్రతుకుటచే చెరువు నిండును. మేత చాలక చేపలన్నియు గిడసబారును. బొచ్చె, రాగండి పిల్లలకు కరవు వచ్చును. 1959లోనే దీని వ్యాప్తిని నిషేధించిరి. అప్పటికే అది చేయి దాటిపోయెను.

మా కనగానపల్లి ప్రాంతము వానకు మొగము వాచిన సీమ. ఇచ్చట చెరువు నిండుటయే పండుగ. నిండిన నీటిలోని పంట గుప్పెడు గిడస చేపలైనచో జాలరి కుటుంబమునకు మిగులునదేమి?

అయినను చేపను నిందింపరాదు. ఆఫ్రికాలోనే విక్టోరియా సరస్సున 1950 ప్రాంతముల నైలు పెర్చి అను పెద్దచేపను విడిచిరి. తరువాత ఈ తిలాపియా దాయాదులే వందలాది జాతులు నశించినవి. ఇచ్చట హంతకి, అచ్చట హతురాలు. రెంటను దోషము విడిచిన చేతిదే.

అనుమతి పొంది, కట్టుదిట్టమైన కుంటలలో మగచేపలనే పెంచు పద్ధతి నేడు కలదు. అది వేరు మాట. ఊరి చెరువున ఏ చేపపిల్లను విడువదలచినను ముందుగా మత్స్యశాఖవారి నడుగుడు. ఇంటి గాజుతొట్టిలోని చేపను జాలిచే చెరువున విడువకుడు. విడుచుట క్షణము పని; మరల పట్టుట తరములకైనను కాని పని.