ఇంటిపేరుకు గడి లేని కాగితం

(మే నెలలో మన ఆలయ సభామందిరంలో జరిగిన గిర్మిట్ సంస్మరణ కార్యక్రమంలో ఒక వాలంటీర్ చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరిక మేరకు ఇక్కడ ఇస్తున్నాం.)



నేను మాట్లాడటంలో అలవాటున్న వాడిని కాను. మీలో చాలామందికి నేను వెబ్‌సైట్ అబ్బాయిగానే తెలుసు. అర్చన బుకింగ్ పనిచేయకపోతే ఫోన్ చేసేది నాకే. ఈ రోజు కూడా ఆ బుకింగ్ ఫారం గురించే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కార్యక్రమానికి కారణం అదే.

రెండేళ్ళ కిందట ఆ ఫారం నేనే రాశాను. పేరు, నక్షత్రం, గోత్రం అని గడులు పెట్టాను. గోత్రం గడి పక్కన ఎర్ర చుక్క పెట్టాను. అంటే అది నింపకపోతే ఫారం ముందుకు కదలదు. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. సంకల్పంలో గోత్రం చెప్పాలి కదా అనుకున్నాను.

ఒక శనివారం నేను ప్రసాదం కౌంటర్ దగ్గర ఉండగా ఒక పెద్దాయన వచ్చారు. ప్రతి శనివారం వచ్చే మనిషే. చాలాకాలంగా చూస్తున్నాను కానీ ఎప్పుడూ పలకరించలేదు. ఆయన హిందీ లాంటి భాషలో మాట్లాడతారు, ఉత్తరాది వారేమో అనుకునేవాణ్ణి. ఫోన్ నా చేతికిచ్చి, "బాబూ, మీ కంప్యూటర్ నా పూజ తీసుకోవడం లేదు" అన్నారు. మనవరాలి పుట్టినరోజుకి అర్చన చేయించాలట. గోత్రం గడి ఖాళీగా ఉంది. నేను వెంటనే, "ఏదో ఒకటి రాసేయండి తాతగారూ, పోతుంది" అన్నాను. ఆయన నా వైపు చూసి, "దేవుడికి పంపే కాగితంలో అబద్ధం రాయమంటావా?" అన్నారు.

తరువాత కూర్చుని మాట్లాడుకున్నాం. ఆయన ఫిజీలో పుట్టారు. తాత, నాయనమ్మ తెలుగువాళ్ళు. మద్రాసు రేవులో ఓడ ఎక్కి చెరకు తోటలకు వెళ్ళారు. తాతగారి పేరే ఈ రోజు వాళ్ళ కుటుంబానికి చివరి పేరు. అసలు ఇంటిపేరు ఏమిటో ఎవరికీ తెలియదు. ఊరి పేరు తెలియదు. ఆయనకు వచ్చిన తెలుగు పది మాటలకు మించదు. ఆ పది మాటలూ నాయనమ్మవి.

ఆ రోజు నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నా పక్కన నిలబడి తీర్థం పుచ్చుకున్నది మన తెలుగాయనే. ఆయన చరిత్ర నాకు ఒక్క ముక్క తెలియదు. ఇంటికెళ్ళి చదవడం మొదలుపెట్టాను. చదివినదాంట్లో ముఖ్యమైనవి మీతో పంచుకుంటాను.

ఫిజీ 1874లో బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. అంతకు ముందే, 1864 నుంచే, అక్కడి తోటల్లో పనికి సాలమన్ దీవులు, వనువాటు వంటి చోట్ల నుంచి మెలనీషియన్ మనుషులను ఓడల్లో తెచ్చేవారు. కొందరిని ఒప్పించి తెచ్చారు, కొందరిని మోసం చేసి, కొందరిని బలవంతంగా ఎక్కించి తెచ్చారు. 1911 దాకా అలా వచ్చినవారు సుమారు 27 వేల మంది. వారిలో ఇళ్ళకు తిరిగి వెళ్ళలేకపోయిన వారి సంతతి నేటికీ ఫిజీలో ఉంది. సువా నగరం దగ్గర వైలోకు అనే చోట వారి పల్లె ఉంది. మన వాళ్ళ కథ చెప్పుకునేటప్పుడు వీళ్ళను మరచిపోకూడదు. మన వాళ్ళు వెళ్ళి పట్టుకున్న కత్తి అంతకు ముందు వాళ్ళ చేతుల్లో ఉన్నదే.

మొదటి గవర్నర్ ఆర్థర్ గోర్డన్ స్థానిక ఫిజీ ప్రజలను తోట పనికి పంపకూడదని నిర్ణయించాడు. ఆయన అంతకు ముందు మారిషస్, ట్రినిడాడ్‌లలో గవర్నరుగా చేసినవాడు. భారతదేశం నుంచి కూలీలను తెచ్చే పద్ధతి అక్కడ చూశాడు. దాన్నే ఇక్కడా మొదలుపెట్టాడు. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి జట్టుతో ఫిజీ చేరింది. అందుకే మనం ఈ సభను మే నెలలో పెట్టుకున్నాం. 1916 వరకు మొత్తం 60 వేలకు పైగా మనుషులు వెళ్ళారు. మద్రాసు రేవు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆ రేవు నుంచి వెళ్ళినవారు 15 వేలకు పైనే. వారిలో తమిళులు, తెలుగువారు, మలయాళీలు ఉన్నారు.

వాళ్ళు వేలిముద్ర వేసిన ఒప్పందాన్ని ఇంగ్లీషులో అగ్రిమెంట్ అన్నారు. ఆ మాట నోళ్ళలో నలిగి గిర్మిట్ అయింది. సంతకం చేసినవారు గిర్మిటియాలు అయ్యారు. ఒప్పందం ఐదేళ్ళు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు తొమ్మిది గంటలు, శనివారం ఐదు గంటలు పని. అప్పగించిన పని పూర్తి చేస్తే మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. పూర్తి కాకపోతే కూలి కోత. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు ఉన్న గదిలో ముగ్గురు ఒంటరి మగవాళ్ళు, లేదా ఒక కుటుంబం. ఆ వరుస ఇళ్ళను వాళ్ళు నరకం అని పిలిచేవారు.

మనలో కొందరు సరదాగా, "మనమూ హెచ్ వన్ బీ గిర్మిటియాలమే" అంటూ ఉంటారు. నేనూ అన్నాను. ఇక అనను. మనకు గ్రీన్ కార్డు ఆలస్యం కావచ్చు, ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు ఉండవచ్చు, ఆ భయం చిన్నది కాదు. కానీ ఒక రోజు పనికి రాకపోతే మనల్ని జైల్లో పెట్టరు. గిర్మిట్‌లో పనికి రాకపోవడం నేరం. కోర్టు, జరిమానా, జైలు ఉండేవి.

దక్షిణాది వారికి ఇంకో కష్టం ఉంది. వాళ్ళు వెళ్ళేసరికి ఉత్తరాది వాళ్ళు వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది. తోటల్లో మాట హిందీ అయిపోయింది. తెలుగువాళ్ళు, తమిళులు, మలయాళీలు అందరూ కలిపి మద్రాసీలే. భాష రాని చోట, తనవాళ్ళు లేని చోట, రోజుకు తొమ్మిది గంటలు. అక్కడి ఆత్మహత్యల సంగతి 1915లో ఫిజీ వెళ్ళిన సి.ఎఫ్. ఆండ్రూస్ నివేదికతో భారతదేశమంతా తెలిసింది. ఆ పద్ధతిని ఆపాలన్న ఉద్యమానికి అది బలమైంది. చివరి ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి.

ఆ తరువాత వాళ్ళు చేసిన పని చూడండి. 1926లో సాధు కుప్పుస్వామి నాదిలో దక్షిణాది వారందరికీ కలిపి సంగం స్థాపించారు. అది గుళ్ళు కట్టింది, బళ్ళు పెట్టింది. 1941లో తెలుగువారు ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. పొద్దంతా చెరకు నరికి బతికినవారి పిల్లలు తమ డబ్బుతో బడి కట్టి, దాని బోర్డు మీద ఆంధ్ర అనే మాట రాయించారు. అప్పటికి మనకు ఆంధ్ర రాష్ట్రమే లేదు.

మరి ఇంటిపేర్లు ఎలా పోయాయి? దానికి జవాబు వాళ్ళ ఎమిగ్రేషన్ పాసులో ఉంది. ఓడ ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఒక పాసు ఉండేది. ఓడ పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ. కులానికి గడి ఉంది. పుట్టుమచ్చకు గడి ఉంది. ఇంటిపేరుకు లేదు. గుమాస్తా విన్న ముక్క రాసుకున్నాడు. అదే మనవల పాస్‌పోర్టుల్లో చివరి పేరుగా మిగిలింది.

నేను డేటాబేస్‌లతో బతికేవాణ్ణి. ఫారంలో గడి లేకపోతే ఆ సంగతి పోతుందని నాకు బాగా తెలుసు. ఆ పాసు వాళ్ళకు ఉన్న ఇంటిపేరును రాసుకోలేదు. వందేళ్ళ తరువాత నా ఫారం వాళ్ళకు తెలియని గోత్రాన్ని చెప్పి తీరమంది. రెండు సార్లూ మనిషి ఫారం బయటే నిలబడ్డాడు.

మన అర్చక స్వామిని అడిగాను. ఆయన నవ్వి, "గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పడం ఎప్పటి నుంచో ఉన్నదే కదా నాయనా, ఎర్ర చుక్క నీది, శాస్త్రానిది కాదు" అన్నారు. ఆ మాట నిజం. మన పల్లెల్లోనే గోత్రం చెప్పుకునే అలవాటు లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ రాత్రే చుక్క తీసేశాను. మార్చింది ఒక్క లైను కోడ్.

కానీ పని అక్కడితో అయిపోలేదు. 1987 మే 14న, లియోనిడాస్ చేరిన రోజునే, ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగింది. దాని తరువాత, 2000లో మరో తిరుగుబాటు తరువాత, వేలాది కుటుంబాలు ఆ దేశం వదిలాయి. అలా వచ్చినవారే మన ఉత్తర కాలిఫోర్నియాలో, శాక్రమెంటోలో, మొడెస్టోలో, హేవర్డ్‌లో ఉన్నారు. ఆ తిరుగుబాటు చేసిన సితివెని రబుకాయే 2023లో ప్రధానమంత్రి హోదాలో గిర్మిటియాల సంతతికి క్షమాపణ చెప్పారు. ఆ ఏడాది నుంచి గిర్మిట్ దినం అక్కడ జాతీయ సెలవు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం, అదీ మన తెలుగు కూలీల సంతతి నిలబెట్టుకున్నదే. దేశాలు చేసిన పాటి పని ఒక ఆలయం చేయలేదా?

అందుకే మూడు మనవులు.

మొదటిది, పాసులు చదవడం. గిర్మిట్ పాసుల రికార్డులు సువాలోని ఫిజీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కుటుంబాలు నకళ్ళు తెప్పించుకుంటున్నాయి, కానీ ఊళ్ళ పేర్లు అర్థం కావు. చికాకోల్ అని ఉంటే అది శ్రీకాకుళమని మనకు తెలుస్తుంది. బిమ్లిపటం అంటే భీమునిపట్నం, కొకనాడా అంటే కాకినాడ, ఎల్లూర్ అంటే ఏలూరు. గంజాం జిల్లా అని చూసి ఒడిశా అనుకుంటారు. 1936 దాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలోనే ఉండేది. ఇది మన అమ్మలకు, నాన్నలకు వెంటనే తట్టే విషయం. పిల్లల దగ్గరకు వచ్చి ఆరు నెలలు ఉండే పెద్దలు చాలామంది ఇక్కడ ఉన్నారు, పొద్దుపోవడం లేదంటారు. ప్రతి నెలా రెండో ఆదివారం భోజనాల తరువాత హాల్లో ఒక బల్ల వేద్దాం. మీరు కూర్చోండి, వాళ్ళు కాగితాలు తెస్తారు.

రెండోది, తెలుగు తరగతి. "ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు" అని మన ఫారంలో ఉంది. ఆ మాట కూడా తీసేద్దాం. పది మాటలతో వచ్చిన పిల్లలకు పదకొండో మాట నేర్పే తరగతి ఒకటి ఉండాలి.

మూడోది, మహాలయ పక్షం. పేరూ గోత్రమూ తెలియనివారికి, నీళ్ళు వదిలేవారు లేనివారికి కూడా తర్పణం ఇచ్చే ఆచారం మనకు ఉంది. ఈ సంవత్సరం మహాలయ అమావాస్య నాడు ఓడల్లో పోయినవారిని, తోటల్లో పోయినవారిని తలచుకుని అందరం కలిసి ఇద్దాం. వైలోకు వాళ్ళ పెద్దలకూ మనసులో ఒక నమస్కారం పెడదాం.

ఆ పెద్దాయన ఈ రోజు రెండో వరుసలో కూర్చుని ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు. ఆయన తాతగారి పాసు నకలు పోయిన నెల వచ్చింది. జిల్లా చోట విజగపటం అని ఉంది. ఊరి పేరు సగం చెరిగిపోయింది, మొదటి రెండు అక్షరాలే కనిపిస్తున్నాయి. నా వల్ల కాలేదు. విశాఖ వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే, భోజనాలయ్యాక దయచేసి ఆయన దగ్గరకు వెళ్ళి ఒకసారి చూడండి. కాగితం ఆయన జేబులోనే ఉంది.