తనిఖీ పలక పుట ప్రక్కనా, వేరు కిటికీలోనా?



నేడు నేను ప్రసంగింప బూనిన విషయము వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చును. కంప్యూటరులో నొక పుటను పరీక్షించు పనిముట్లు ఆ పుట ప్రక్కనే తెరచుకొనవలెనా, లేక వేరొక కిటికీలోనా, వేరొక ట్యాబులోనా యనునదే ఆ విషయము. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న కణేకల్లు వృద్ధునకు దీనితో నేమి పని యని మీ రడుగుదురు. ఒక రాత్రి నీటి వంతు తప్పిపోయి ఒక రైతు వరిమడి యెండినది. ఆ తప్పు కనబడక పోవుటకు ఈ పనిముట్ల తావే కారణమైనది. అందువలన నాకు పని కలిగినది.

మా యూరి సంగతి ఈ ప్రాంతమువారికి క్రొత్తది కాదు. ఒకవైపున వేదవతి, దానినే మేము హగరి యందుము. వేసవిలో దాని యిసుక గాలికి లేచి పొలములమీద దిబ్బలు కట్టును. మరియొకవైపున తుంగభద్ర యెగువ కాలువ నీటితో పండు వరిమళ్లు. ఈ జిల్లాలో సంవత్సరమునకు కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము. దానిని నమ్మి వరి నాటువా డెవడును లేడు. కాలువ వచ్చిన నాటుదుము, రాకున్న మానుదుము. 2024వ సంవత్సరము ఆగస్టు 10వ తేది రాత్రి తుంగభద్ర యానకట్ట 33 తలుపులలో 19వ తలుపు కొట్టుకొనిపోయినప్పుడు మా యూర నిద్రించినవారు తక్కువ. తెల్లవారుదాక ప్రతివాడును చేతిలోని ఫోనునే చూచుచుండెను. నీటి వార్త ఫోనులో వెదకు నలవాటు మాలో ముసలివారికి గూడ ఆనాటినుండి బలపడినది.

పూర్వము వంతు లెవరి వెప్పుడో నీరుగంటి వచ్చి చెప్పువాడు. ఇప్పుడును చెప్పును, కాని మళ్లు పెరిగినవి, మనుష్యులు చెదరిరి. కనుక మా తూము క్రింది రైతులు కొందరు కూడి, నా తమ్ముని మనుమనిచేత ఒక పుట తయారు చేయించిరి. ఆ పిల్లవాడు ఇంజనీరింగు చదువుచున్నాడు. ఆ పుటలో నొక పట్టిక: రైతు పేరు, మడి గుర్తు, తేది, గంట, చివర పగలా రాత్రియా యను మాట. చూచుటకు ముచ్చటగా నుండెను. అందరమును మెచ్చితిమి.

కాలువ చివర మడి గల రైతొక డుండెను. అతని ఫోను చిన్నది, పాతది. అతని వంతు రాత్రి రెండు గంటలకు. అతడు పగలు రెండు గంటలకు పార భుజమున వేసికొని వచ్చెను. అప్పటికి నీరు పారి, వంకలో గలిసి పోయినది. మరల వంతు వచ్చుటకు ఎనిమిది దినములు. వరి పొట్టమీద నున్న సమయము. అతడు నా యింటికి వచ్చి కేకలు వేయలేదు, తిట్టలేదు. ఫోను నా చేతి కిచ్చి, “పంతులుగారూ, మీరే చదవండి” అనెను. చదివితిని. పగలు అనియే యుండెను.

పిల్లవానిని పిలిచితిని. వాడు పెద్ద తెర ముందు కూర్చుండి, ఎఫ్12 అను మీట నొక్కి, తన పనిముట్లను దెరచి, గడియసేపు వెదకి, “తాతా, తప్పేమియు లేదు. చూడుము, రాత్రి యనియే యున్నది” అనెను. నిజమే, అచ్చట రాత్రి యనియే యుండెను. మరునాడును అదే మాట. ఒకే పుట రైతు చేతిలో పగలనియు, పిల్లవాని తెరపై రాత్రి యనియు పలుకుచుండెను. ఊరిలో కొందరు ఆ రైతునకు చదువు సరిగా రాదనిరి. ఈ మాట నాకు మిక్కిలి కష్టము కలిగించినది. అతనికి అక్షరములు నేర్పినవాడను నేనే.

ఇచ్చట నా పనిముట్ల సంగతి కొంత చెప్పవలెను. మనము ఫోనులో జూచు ప్రతి పుట వెనుకను ఒక వ్రాత యుండును. ఏది శీర్షిక, ఏది పట్టిక, ఏ యక్షర మెంత, ఏ గడి యెంత వెడల్పు అని యంతయు అందు వ్రాసియుండును. బ్రౌజరు దానిని చదివి మనకు బొమ్మ కట్టి చూపును. ఇంటి గోడ తొలగించి లోపలి దూలములను, వాసములను చూపినట్లు, ఆ వెనుకటి వ్రాతను చూపి, ఒక్కొక్కదానిని మార్చి ఫలితమును వెంటనే పరికింపనిచ్చు సామగ్రికి డెవలపర్ టూల్స్ అని పేరు. అది ప్రతి కంప్యూటరు బ్రౌజరులోను ఉచితముగా నున్నది. మనము తెరువము గనుక మనకు తెలియదు.

ఇది యెచ్చట తెరచుకొనవలెనను తగవు పాతది. మొజిల్లావారి బ్రౌజరునకు డామ్ ఇన్‌స్పెక్టరు అను పనిముట్టు ఒకటి యుండెను. అది వేరు కిటికీలో తెరచుకొనెడిది. 2006వ సంవత్సరమున జో హ్యూవిట్ అను నతడు ఫైర్‌బగ్ అను సామగ్రిని వెలువరించెను. అది పుట క్రిందనే, అదే కిటికీలో తెరచుకొన్నది. పుటలోని గడిమీద వ్రేలుంచిన, దాని వ్రాత క్రింద కనబడును. క్రింద అంకె మార్చిన, పైన గడి కదలును. పని వాండ్రకు ఇది యెంత నచ్చినదనగా, తరువాత వచ్చిన బ్రౌజరులన్నియు నీ పద్ధతినే యవలంబించినవి. ఫైర్‌బగ్ 2017లో నిలిచిపోయినను దాని పోలిక నేటికిని పోలేదు. ఇప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండును ఆ పలకను క్రింద గాని, కుడివైపున గాని, ఎడమవైపున గాని, విడదీసి వేరు కిటికీలో గాని పెట్టుకొననిచ్చును.

మన పుస్తకములతో పోల్చి చెప్పెదను. పద్యము పైన, టీకా తాత్పర్యములు అదే పుట అడుగున అచ్చువేసిన పుస్తకమున్నది. మూల మొక సంపుటము, వ్యాఖ్య మరియొక సంపుటముగా వేసిన పుస్తకమున్నది. మొదటిది చదువరికి సుఖము. కన్ను క్రిందికి దించిన చాలును. రెండవదానియందు మూలము నిండుగా, నిర్మలముగా కనబడును, కాని రెండు పుస్తకములకును బల్లమీద చోటు కావలెను. ఇక ట్యాబు అనగా ఒకే పుస్తకములో చివర వ్యాఖ్య కుట్టినట్లు: ఇటు త్రిప్పిన మూలము లేదు, అటు త్రిప్పిన వ్యాఖ్య లేదు. కపిల తోలువాడు ఎడ్లతో వాలున దిగునప్పుడు వాని వీపు బావివైపున నుండును. బాన పైకి వచ్చినదో లేదో నీటి చప్పుడును బట్టి తెలిసికొనును. ట్యాబులో పనిచేయువానికి ఆ చప్పుడైనను లేదు.

మా పిల్లవాడు వేరు కిటికీ పక్షమువాడు. వాని యొద్ద పెద్ద తెర యున్నది; పుట ఒక సగమున నిండుగా, పనిముట్లు మరియొక సగమున. అందుచేతనే తప్పు వానికి కనబడలేదు. ఉగాదికి మా మనుమరాలు బెంగుళూరునుండి వచ్చెను. ఆమెకు నిదే జీవనము. ఆమె చిన్న ల్యాప్‌టాప్ మా వసారాలో చాపమీద పెట్టి ఆ పుటను దెరచి, మీట నొక్కినది. పలక కుడివైపున తెరచుకొన్నది. పుట మూడవవంతుకు నొక్కబడినది. అప్పుడు మా కన్నులముందే చివరి గడి స్థలము చాలక జారి క్రింది వరుసలో పడెను. మీది రైతు పగలు క్రింది రైతు పేరు ప్రక్కన చేరెను. క్రింది రైతు రాత్రి వాని క్రిందివానికి పోయెను. ఇట్లు చివరివరకును ఒక్కొక్క వరుస జరిగినది.

నేను ఆ రైతును పిలిపించి అందరియెదుట చూపించితిని. చదువు రాదన్నవారు ఏమియు ననలేదు.

ఇంతమాత్రముచే ప్రక్కనుండుటయే మేలని నేను తీర్మానించుకొంటిని. తొందరపడితినని తరువాత తెలిసినది. పిల్లవాడును నా మాట విని పలకను ప్రక్కకు మార్చుకొనెను. నెల తిరుగకమునుపే వాడు పుట శీర్షిక రెండు ముక్కలుగా విరుగుట చూచి, అది సరిపోవుటకై యక్షరములను చిన్నవి చేసెను. మరునాడు ముసలివారందరును ఫోనును కంటికి దగ్గరగా, దూరముగా పట్టి చూడ మొదలిడిరి. విచారింపగా, ఆ శీర్షిక ఎవరి ఫోనులోను విరుగలేదు, ఎవరి కంప్యూటరులోను విరుగలేదు. పలక వచ్చి కూర్చుండుటచే పుటకు ఫోనుది గాని కంప్యూటరుది గాని కాని వెడల్పు వచ్చినది. ఆ వెడల్పులో మాత్రమే విరిగినది. రోగి మంచమున వైద్యుడు తాను గూడ కూర్చుండి, రోగికి కాలు చాపుకొన చోటు లేదని కాలికి మందు వేసినట్లయినది. కాలువలో నీటి లోతు కొలుచుటకు మొద్దు కర్రను దింపిన, నీరు ఆ కర్రనుబట్టియే పొంగును గదా. ఇదియు నట్టిదే. పరీక్షించువా డాక్రమించిన స్థలము పరీక్షింపబడుదాని రూపమును మార్చుచున్నది. ఇంకొక వింత: కిటికీ బయటి వెడల్పునకును లోపలి వెడల్పునకును గల భేదమునుబట్టి, తమ్మెవరో తనిఖీ చేయుచున్నారని పసిగట్టు సైట్లు కూడ కొన్ని యున్నవి. వేరు కిటికీలో నున్నవానిని అవి యీ యుపాయమున పట్టలేవు.

ఫోను వెడల్పు ఇంత యని చెప్పిన, పుటను సరిగ్గా నంత వెడల్పునకే బిగించి చూపు నేర్పాటు ఈ పనిముట్లలోనే యున్నదని మా మనుమరాలు చెప్పినది. పిల్లవానికి నది తెలియును, వాడలేదు. ఎందుకు వాడలేదంటివిరా యనగా, “తోచలేదు తాతా” యనెను. తెరువగానే ఎదుట కనబడునది మనుష్యుడు వాడును. మూలనున్న మీట యున్నను లేనట్లే. కనుకనే, ఎవరికి వారు మార్చుకొనవచ్చును గదా యని యీ తగవును త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. మార్చుకొనువారు కొందరు, తక్కినవారు ఇచ్చిన చోటనే కూర్చుందురు.

పిమ్మట మనుమరాలు మరియొక పని చేసెను. రైతు పాత ఫోనునే తీగతో తన ల్యాప్‌టాప్‌నకు తగిలించినది. పుట రైతు ఫోనులోనే యుండెను, దాని వెనుకటి వ్రాత మాత్రము ల్యాప్‌టాప్‌లో తెరచుకొన్నది. ల్యాప్‌టాప్‌లో అంకె మార్చిన రైతు చేతిలో గడి కదలెను. అతడు ఉలికిపడి ఫోనును చాపమీద పెట్టెను. ఈ పనికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు సామగ్రిని ఒక ట్యాబులో దెరచును. క్రోమ్ వేరు కిటికీలో దెరచును. ఇచ్చట ట్యాబుమీది నా ఆక్షేపణ కొంత తగ్గినది. పుట చేతిలో నున్నప్పుడు దాని కెదురుగా ట్యాబున్న నేమి, కిటికీయున్న నేమి? కాని ఆ సాయంకాలము రెండు ఫోనులు తగిలించిరి, రైతుది ఒకటి, నాది యొకటి. రెండు ట్యాబులు. రెండింటి మొగమును ఒక్కటే. పిల్లవాడు నా ఫోను సరిచేయుచున్నానని తలచి రైతు ఫోను పుటను మార్చి, ఏమియు కదలుట లేదని నాపై విసుగుకొనెను. మనుమరాలు నవ్వి, క్రోమ్‌లో రెండు కిటికీలు దెరచి ప్రక్కప్రక్కన నిలిపినది. అప్పుడు ఏది యెవరిదో తెలిసినది.

నా యభిప్రాయ మడిగిన, ఇది చెప్పెదను. ఒక పుట, ఒక మనిషి, చిన్న తెర యైనచో పలక అడుగున తెరచుకొనవలెను, ప్రక్కన గాదు. అడుగున నున్నది పుట నిడివిని తినును గాని వెడల్పును తినదు, మా పట్టికల కష్టమంతయు వెడల్పుతోనే. పెద్ద తెర యున్నవాడు విడదీసికొనుగాక. కాని ఆ కిటికీ నెత్తిన అది యే పుటదో, ఏ ఫోనుదో పెద్ద యక్షరములతో నుండవలెను. వేరు పరికరమును తీగతో పరీక్షించునప్పుడు కిటికీయే మేలు. మా మనుమరాలు దీని కొప్పుకొనదు. కిటికీలు పెరిగినకొలది ఒకదాని వెనుక నొకటి దాగుననియు, ట్యాబులైన వరుసగా నుండుననియు ఆమె వాదము. పని చేయునది యామె, నేను చూచువాడను. అయినను నా మాట నేను మార్చుకొనలేదు.

పట్టికను పిల్లవాడు తిరుగ వ్రాసెను. పగలు, రాత్రి యను గడిని తీసివేసి, గంటతోనే కలిపి “రాత్రి 2 గంటలు” అని యొకే గడిలో పెట్టెను. ఎంత నొక్కినను ఇక విడిపోదు. అక్షరములును మరల పెద్దవైనవి. ఆ రైతు మడి ఆ యేడు సగమే పండినది. అతడిప్పటికిని ఫోను చూచును. చూచి, నీరుగంటి నొకమారు అడిగి గాని పార తీసికొనడు.