కరువులో ఆపిన బాప్తిస్మాలు
(బిషప్ అజరయ్య స్మారకోపన్యాసం, గంభీరావుపేట)



సంఘం ఆరోగ్యంగా పెరగాలంటే నడిపేవాళ్లు ఏం చేయాలో చెప్పమన్నారు. సంఘం పెరుగుదల అనగానే మన దగ్గర ముందు లేచే ప్రశ్న ఒక్కటే: ఎంతమంది? ఆదివారం కుర్చీలు నిండాయా, ఉజ్జీవ కూటాలకు షామియానా సరిపోయిందా? సరే, తలల లెక్కతోనే మొదలుపెడదాం. తెలుగు సంఘాల చరిత్రలో అందరి నోటా ఉన్న లెక్క ఒకటుంది.

1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడ పనిచేసిన మిషనరీ అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ. ఈ అంకె తెలిసినవాళ్లలో చాలామందికి దానికి ముందు జరిగింది తెలియదు. ధాత కరువు రోజులవి. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు పట్టి ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తట్టలు మోసేవాళ్ల మధ్యే ఆయన బోధకులూ ఉన్నారు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి చేతిలో పడుతున్నంత కాలం ఎవరు అన్నం కోసం వస్తున్నారో, ఎవరు విశ్వాసంతో వస్తున్నారో తేల్చడం కష్టమని ఏడాదికి పైగా ఆపాడు. కరువు సాయం ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా వచ్చిన మనుషులే ఆ ఏటిలో దిగారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రోజు క్లౌ ఒక్కరికీ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. ఆ పల్లెల్లో సువార్తకు మొదట దారి వేసినవాడూ దొర కాదు. తోళ్ల వ్యాపారం చేస్తూ ఊరూరా తిరిగిన మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య. ఇవాళ ఫ్లెక్సీ మీద తన ఫొటో ఎంత పెద్దగా పడిందో కొలుచుకునే బోధకులు ఈ కథ ఒకసారి చదివితే బాగుండును.

అక్కడా అంతా సవ్యంగా సాగలేదు. అన్ని వేలమందికి అక్షరం, బోధ అందించడానికి ఉపదేశులు చాలలేదు. ఆ కొరత ఎలా తీర్చాలన్నది తర్వాతి తరం ప్రశ్న. దాన్ని నెత్తికెత్తుకున్నవాళ్లలో ముఖ్యుడు, ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయనే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లవాళ్ల ఎదుటే, మీ త్యాగాలకు కృతజ్ఞులం గానీ మాకు స్నేహితులు కావాలని అడిగారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

పల్లెకు పంపే ఉపదేశిని ఒంటరిగా తయారుచేస్తే చాలదని, భార్యాభర్తలిద్దరికీ శిక్షణ ఇప్పించారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేయి వాళ్ల తల మీదే పెట్టించి, సువార్త చెప్పడం ఇక నా బాధ్యత అని పలికించేవారు. చెప్పడం పాస్టరు పని, వినడం మన పని అన్న అలవాటు మొదటి రోజే పడకుండా చూశారు. పల్లెల్ని పీడించే నాలుగు దయ్యాలని ఆయన చెప్పినవి మురికి, రోగం, అప్పు, తాగుడు. గల్ఫు ఏజెంటు అప్పు, గ్రూపు లోను, బెల్టు షాపు తెలిసిన మన ఊళ్లకు ఆ జాబితాలో మార్చాల్సింది పెద్దగా లేదు.

ఇంకొకటి గట్టిగా పట్టుకున్నారు. మాల, మాదిగ, ఇతర కులాల నుంచి వచ్చినవాళ్లు ప్రభు సంస్కారంలో ఒక్క గిన్నెలో పాలుపొందాలన్నారు. ఈ విషయంలో ఆయన ఆశ తీరలేదు. ఇవాళ్టికీ ఒకే ఊళ్లో ఈ వాడకొక చర్చి, ఆ వాడకొక చర్చి ఉంటాయి. వాటికి రెండు బోర్డులు పెట్టి, రెండు సంఘాలు లేచాయని పెరుగుదల కింద రాసుకుంటాం. నా మటుకు అది విడిపోవడమే. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు.

తలల లెక్కను నమ్మకపోవడానికి ఇంకో కారణం చట్టంలో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలించారు గానీ క్రైస్తవులకు సడలించలేదు. బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ మిగిలింది. అందుకే బడి సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం బెంచీ మీద ఒక మతం. జనాభా లెక్కల పుస్తకం మన సంఘాన్ని తక్కువ చూపిస్తుంది, కూటాల కరపత్రం ఎక్కువ చూపిస్తుంది.

మరి ఏ లెక్క చూడాలి? నేను కానుకల పుస్తకం చూస్తాను. ఎంత వచ్చిందని కాదు, ఎంతమంది ఇచ్చారని. అజరయ్య క్రైస్తవ దానం మీద పుస్తకమే రాశారు. బీదవాడు ఇవ్వలేడు అనడం వాణ్ణి అవమానించడమేనని ఆయన ఆలోచనగా నాకు అర్థమైంది. వండే ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం, పంట పండుగనాడు వేలం వేసే కోడి, గుమ్మడికాయ తెలుగు సంఘాలను నిలబెట్టాయి. డోర్నకల్ కెథెడ్రల్ ఏళ్ల తరబడి కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. పైసలు చాలక ఆగుతూ, మళ్లీ మొదలవుతూ లేచిన గుడి అది.

ఇక్కడి సంగతి వేరు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఊళ్ల మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. అక్కడి నుంచి ఒక్కడు పంపే డబ్బుతో స్లాబు పడుతుంది. మంచిదే. కానీ స్లాబు వేయించినవాడి మాటే కమిటీలో చెల్లుతుంది, పిడికెడు బియ్యం తెచ్చిన ముసలమ్మ ఇక తేవడం మానేస్తుంది. ఆ ఏడే సంఘం చిన్నదవడం మొదలైనట్టు, హాలు ఎంత పెద్దదైనా సరే. గల్ఫు డబ్బు వద్దనను. దాన్ని కట్టడాల ఖాతాలో వేరుగా పెట్టండి. పాస్టరు జీతం, దీపం ఖర్చు, రోగులకిచ్చే సాయం మాత్రం ఊళ్లో ఉన్నవాళ్ల కానుకలతోనే నడపండి. సరిపోని నెల ఆ సంగతి సంఘం ముందు చెప్పండి.

ఆ లెక్క ఎవరు రాయాలి? ఇక్కడ బీడీలు చుట్టే అక్కలున్నారు. ఎంత ఆకు ఇచ్చారు, ఎన్ని వేలు చుట్టారు, ఎన్ని పనికిరావని పక్కన పడేశారు, పాసుబుక్కులో ఎంత ఎక్కింది అన్నది రోజూ పట్టి చూసేవాళ్లు వాళ్లు. వాళ్లను మోసం చేయడం అంత తేలిక కాదు. ఆదివారం సభలో ముప్పాతికమంది వాళ్లే అయినా, కమిటీ కుర్చీల్లో కనపడేది సెలవు మీద వచ్చిన మగవాళ్లు. డోర్నకల్‌లో ఉపదేశి భార్యకు కూడా శిక్షణ ఇచ్చిన మనిషి పేరు మీద సభ పెట్టుకున్నాం కాబట్టి అడుగుతున్నాను: వచ్చే ఎన్నికల్లో ట్రెజరర్ పదవికి ఒక బీడీ కార్మికురాలిని నిలబెట్టండి, ప్రతి నెలా చివరి ఆదివారం ఆమె చేతే జమాఖర్చులు బిగ్గరగా చదివించండి. పాస్టరు గారు ఆ సేపు మైకు ఇచ్చి కింద కూర్చోవాలి.