గేర్ ఆయిల్ డబ్బా మీద అంకెలు: జీఎల్-4 కన్నా జీఎల్-5 మంచిదా?

ఇంజిన్ ఆయిల్ గురించి అందరం ఆరా తీస్తాం. గేర్ ఆయిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అన్నా, తొంభై నంబర్ ఒక డబ్బా ఇవ్వు" అని తెచ్చేసుకుంటాం. నేనూ అలాగే తెచ్చాను. దాంతో మా బాబాయ్ బండి మిర్చి సీజన్‌లో తొమ్మిది రోజులు షెడ్‌లోనే ఉండిపోయింది. అందుకే ఈ ఎపిసోడ్.

మాది చిలకలూరిపేట పక్కన పల్లె. బాబాయ్‌కి పాత లోడ్ బండి ఒకటి ఉంది. కల్లాల నుంచి గుంటూరు యార్డుకి టిక్కీలు తోలితేనే ఆయనకి ఆదాయం. గేర్ ఆయిల్ మార్చాలంటే షాపుకి నేనే వెళ్లా. కౌంటర్ మీద జీఎల్-4, జీఎల్-5 రెండూ ఉన్నాయి. ఫోన్ చేస్తే బాబాయ్, "నాలుక్కన్నా ఐదు పెద్దదే గదరా, అదే పట్రా" అన్నాడు. నాకూ కరెక్టే అనిపించింది. అదే గేర్‌బాక్స్‌లో పోశాం.

కొన్ని నెలలకి సెకండ్ గేర్ వేస్తుంటే గరగరమని చప్పుడు. ఫిబ్రవరిలో, కరెక్ట్‌గా సీజన్‌లో, గేర్ పడటమే మానేసింది. మెకానిక్ అన్న గేర్‌బాక్స్ విప్పి ఇత్తడి రింగులు చూపించాడు. "తమ్ముడూ, బండి పాతది, అరుగుదల ముందే ఉంది. కానీ ఈ ఆయిల్ దీనికి పోసేది కాదు" అన్నాడు.

ఎందుకో చెప్తాను. జీఎల్-4, జీఎల్-5 అనేవి మార్కులు కాదు, ఒకదానికన్నా ఒకటి ఎక్కువ అనుకోవడానికి. అవి ఏపీఐ పెట్టిన పని విభజన. వెనక డిఫరెన్షియల్‌లో క్రౌన్, పినియన్ పళ్లు గట్టి ఒత్తిడిలో ఒకదాని మీద ఒకటి జారుతూ ఒరుసుకుంటాయి. వాటిని కాపాడటానికి జీఎల్-5లో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు ఎక్కువ కలుపుతారు. ఇంచుమించు జీఎల్-4కి రెట్టింపు. గేర్ ఆయిల్‌కి ఆ ఘాటు వాసన గంధకం వల్లే. వాసన వస్తే పాడైందని కాదు.

గేర్‌బాక్స్ పని వేరు. అక్కడ ఇత్తడి రింగు కోన్‌ని పట్టుకుని రెండు వేగాలనీ కలపాలి. పట్టు ఉండాల్సిన చోట జారుడు ఎక్కువైతే గేర్ గీసుకుంటుంది. పైగా కొన్ని జీఎల్-5 ఆయిల్స్‌లోని గంధకం వేడి మీద ఇత్తడిని తినేస్తుంది. అట్లాగని డిఫరెన్షియల్‌కి జీఎల్-5 అడిగితే జీఎల్-4 పోయకూడదు, పళ్లు పోతాయి.

ఇక చిక్కదనం. 80డబ్ల్యూ-90లో డబ్ల్యూ అంటే వింటర్. 80డబ్ల్యూ అనేది మైనస్ 26 డిగ్రీల దగ్గర పరీక్ష. మన ఒంగోలు ఎండలకి దాంతో పనిలేదు. మనకి ముఖ్యం రెండో అంకె. అది 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. 90 అంటే 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ లోపు. 140 అంటే 24 నుంచి 32.5 లోపు. ఎండలు ఎక్కువ కదా అని 90 చోట 140 పోస్తే పొద్దున్నే గేర్ బరువుగా పడుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. ఇంకో మాట: ఇంజిన్ ఆయిల్ 40, గేర్ ఆయిల్ 90 చిక్కదనంలో దగ్గరదగ్గరే. కొలబద్దలు వేరు, అంతే.

ట్రాక్టర్ ఉన్నోళ్లు జాగ్రత్త. ఆయిల్ బ్రేకుల ట్రాక్టర్లు చాలావాటిలో గేర్లకి, హైడ్రాలిక్‌కి, బ్రేకులకి ఒకటే ఆయిల్. దాన్ని యూటీటీఓ అంటారు. అందులో మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకులు దెబ్బతింటాయి.

కొనేముందు మూడు పనులు చేయండి. ఒకటి, బండి మాన్యువల్‌లో గేర్‌బాక్స్‌కి ఏది, డిఫరెన్షియల్‌కి ఏది అని విడివిడిగా చూసి ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కొన్ని గేర్‌బాక్సులకి కంపెనీయే జీఎల్-5 రాస్తుంది, అప్పుడు అదే పోయాలి. రెండు, ఆయిల్ పేరుతో టెక్నికల్ డేటా షీట్ వెతికి డౌన్‌లోడ్ చేయండి. అందులో 100 డిగ్రీల చిక్కదనం, కాపర్ కరోజన్ చూడండి. కాపర్ కరోజన్ 1ఏ అయితే రాగి రేకు దాదాపు మెరుస్తూనే ఉందని, 4 అయితే నల్లబడి తినేసిందని అర్థం. మూడు, ఆయిల్ మార్చేటప్పుడు పైన పోసే బోల్టు ముందు విప్పండి, తర్వాతే కింద బోల్టు. పైది బిగుసుకుపోయి రాకపోతే ఖాళీ గేర్‌బాక్స్‌తో ఇరుక్కుపోతారు.

ఆ తొమ్మిది రోజులూ బాబాయ్ వేరే బండి కిరాయికి పెట్టి, ఒప్పుకున్న లోడ్లు తోలాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మాన్యువల్ పేజీ ఫోటో ఆయన ఫోన్‌లోనూ ఉంది. మీ బండికి మాన్యువల్‌లో ఏముందో చూసి కామెంట్‌లో పెట్టండి. ఉంటాను ఫ్రెండ్స్.