ఒకే ఊరు, రెండు సభలు

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీకూ, అగళి, రొళ్ల, గుడిబండ ఊళ్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మీ అమ్మానాన్నలకూ నా అభినందనలు.

మీ చివరి ఏడాది ప్రాజెక్టుల గురించే మాట్లాడతాను. సబ్జెక్టు కొరుకుడు పడక ఆగిపోయిన ప్రాజెక్టులు తక్కువ. నలుగురికి పొసగక చెడినవే ఎక్కువ. "అంతా తనే చేసేస్తానంటాడు సార్" అని ఒకరు, "ఆ అమ్మాయి అసలు నోరే విప్పదు సార్" అని ఇంకొకరు గైడు దగ్గరికి వస్తారు. ఈ రెండు ఫిర్యాదులూ నిజానికి ఒకటే. పని మొత్తం ఒకరు మీదేసుకుంటే మిగతావాళ్లకు మాట్లాడే సందు దొరకదు. వాళ్లు మాట్లాడటం లేదని ఆ ఒక్కరూ ఇంకాస్త మీదేసుకుంటారు.

మన సరిహద్దు మండలాల పిల్లలకు ఈ కష్టం మరీ ఎక్కువ. ఇంట్లో కన్నడం, బజార్లో రెండు భాషలు, క్లాసులో ఇంగ్లీషు. గడగడా మాట్లాడేవాళ్ల మధ్య కూర్చుని, చెప్పాలనుకున్న ఒక్క వాక్యాన్ని మనసులో కూడబలుక్కునేలోపు చర్చ ఇంకో విషయానికి వెళ్లిపోతుంది. టీమ్ లీడరు ఆ మౌనాన్ని బద్ధకమని రాసిపెట్టుకుంటాడు. ఈ అన్యాయం నన్ను బాగా బాధిస్తుంది. అలా నోరు విప్పని పిల్లకు లెక్క వచ్చు, జవాబూ వచ్చు. రానిదల్లా వంతే.

అభిరుచులు కలవని ఇద్దరు ఒకే ఊళ్లో ఎలా పనిచేశారో చూడండి. మన ధర్మవరంలో 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలు. అక్కడే 1887లో ఆయన తన 'చిత్రనళీయం' నాటకం ఆడించారు. ఆయన నాటక సమాజం సరస వినోదిని సభ. అదే ఊళ్లో ఇంకో వకీలు, కోలాచలం శ్రీనివాసరావు. ఆయనది సుమనోరమ సభ. ధర్మవరం వారి నాటకాల్లో పాటలకూ పద్యాలకూ పెద్దపీట. కోలాచలం వారి పేరు నిలిచింది చారిత్రక నాటకాలతో. ఆంధ్ర నాటక పితామహుడని ఒకరినీ, చారిత్రక నాటక పితామహుడని ఇంకొకరినీ లోకం గౌరవించింది.

1880లో తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ ధర్మవరం వారి మేనల్లుడు. నాటకం ఒంటబట్టింది మేనమామ నీడలోనే. అయినా ఆయనకు గొప్ప పేరు తెచ్చిన పాత్రల్లో ఒకటి కోలాచలం వారి 'రామరాజు చరిత్ర'లోని పఠాన్ రుస్తుం. రాగాలు తీసి పద్యం పాడటం కన్నా సహజంగా మాట్లాడటమే నటన అని నమ్మారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలన్నారు. తెలుగుతో పాటు కన్నడంలో, ఇంగ్లీషులో కూడా నటించారు. మీలాగే సరిహద్దు మనిషి.

ఈ రెండు సభల కథలో నాకు నచ్చింది ఒకటుంది. అభిరుచులు వేరైనప్పుడు ఒకరినొకరు మార్చాలని చూడనక్కర్లేదు. ఎవరి చోటు వాళ్లకు ఉంటే చాలు. నలుగురున్న టీములో రెండు సభలు పెట్టుకోలేరు, నిజమే. ఏ విషయంలో ఆఖరి మాట ఎవరిదో మాత్రం మొదటి రోజే కాగితం మీద రాసుకోవచ్చు. డిజైన్ ఒకరిది, లెక్కలు ఇంకొకరివి, రిపోర్టు మరొకరిది. అభిప్రాయం అందరూ చెప్పవచ్చు, తేల్చేది మాత్రం ఆ మనిషే. కోపం వస్తే వాట్సాప్ గ్రూపులో కాకుండా ఆ మనిషి ఎదురుగా కూర్చుని చెప్పండి.

నాయకత్వం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండాలన్న పట్టుదల కూడా వద్దు. రిహార్సల్లో ఎంతైనా వాదించుకోవచ్చు. తెర లేచాక నటుడు ప్రాంప్టరుతో వాదించడు. ప్రాజెక్టు మొదటి నెలలో అందరి మాటా వినే లీడరు కావాలి. సబ్మిషన్ వారంలో ఎవరో ఒకరు గట్టిగా "ఇక మార్పులు చాలు" అనాలి. ఆ రెండూ ఒకే మనిషి వల్ల కాకపోతే లీడరును మార్చుకోండి. అందులో ఎవరికీ అవమానం లేదు.

రేపు ఉద్యోగాల్లో టీములు మీ చేతికి వస్తాయి. మొదటి మీటింగులో మీరు ఆఖర్న మాట్లాడండి. మీరు ముందే చెప్పేస్తే, అందరూ దానికే తలూపుతారు. మూలన కూర్చున్న మనిషిని పేరుపెట్టి అడగండి. కన్నడంలో చెప్పినా, తడబడుతూ చెప్పినా, పూర్తయ్యేదాకా మధ్యలో అందుకోకండి.