ఒడ్డున లెక్క – ఓడలో విశ్రాంతి

దసరా సమీపించుచున్నదనగా రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో ఇంటింట రెండు మాటలు వినబడును. సింగరేణి కంపెనీ లాభములలో ఈ యేడు కార్మికుల వాటా ఎంత అనునది మొదటి మాట. వచ్చిన దానితో ఎక్కడికి పోవుదమనునది రెండవ మాట. ఏడాది పొడుగున మూడు షిఫ్టుల నడుమ, మస్టరు పోకుండ, ప్లేడే వదలకుండ పని చేసిన మనిషి, భార్యాబిడ్డలతో నాలుగు దినములు ఊరు విడిచి పోవలెనని కోరుట న్యాయమే. పూర్వము ఆ కోరిక వేములవాడకో, భద్రాచలమునకో, తిరుపతికో త్రోవ చూపెడిది. ఇప్పుడు నీటి ప్రయాణము కూడ దానికి తోడైనది. పాపికొండలకు లాంచీలో పోయి వచ్చినవారు ప్రతి కాలనీలోను కనబడుచున్నారు. సముద్రము మీద విహారనౌకలో రెండు మూడు రాత్రులు గడపి రావలెనని డబ్బు కూడబెట్టుచున్నవారును కలరు.

నేడు మేము మనవి చేయదలచినది ఆ నీటి మీది ఖర్చు సంగతి. టిక్కెట్టు ధర తెలిసికొనుట కష్టము కాదు. టిక్కెట్టు కొన్న తరువాత భోజనమునకు, పానీయములకు, పై సరదాలకు అగు ఖర్చే తెలియకుండ పెరుగును. దీనికి కారణము తేటగానే యున్నది. ఒడ్డున ఒక హోటలులో ధర నచ్చనియెడల ప్రక్క హోటలునకు పోవుదుము. లక్ష్మీనగర్‌లో నాలుగు దుకాణములు తిరుగక చీర కొనని ఇల్లాలు ఓడలో ఏమి చేయగలదు? అక్కడ దుకాణము ఒక్కటే, ధర ఒక్కటే, చుట్టును నీరు. కావున విచారణయు, లెక్కయు ఓడ ఎక్కకముందే, ఒడ్డుననే ముగియవలెను.

గోదావరి తీరమున నీటి ప్రయాణపు లెక్క తప్పుట క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దములో సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున గోదావరి ఎగువ ప్రాంతము దాక పొగపడవలు నడుపవలెనని గొప్ప పథకము వేసిరి. దుమ్ముగూడెము ఆనకట్ట ఆ ప్రయత్నమునకు గుర్తుగా నిలిచి యున్నది. ఖర్చు మీరిపోగా 1871లో ఆ పథకమును విడిచిపెట్టిరి. చిత్రమేమనగా, ఆ 1871లోనే డాక్టర్ కింగ్ యెల్లందు వద్ద బొగ్గును కనుగొనెను. రావలసిన పడవ రాలేదు, అనుకొనని బొగ్గు వచ్చినది. దొరల లెక్కయే అట్లు తప్పినప్పుడు మన ఇంటి లెక్క ఒకటికి రెండుసార్లు చూచుకొనుట మంచిది కదా!

మొదట చిన్న ప్రయాణమును చూతము. పాపికొండలకు భద్రాచలము వైపు నుండి పోచవరము రేవున, రాజమహేంద్రవరము వైపు నుండి దేవీపట్నము దగ్గరి గండిపోచమ్మ రేవున లాంచీలు ఎక్కవచ్చును. మన ప్రాంతమువారికి భద్రాచలము దారి అనుకూలము. నీటిమట్టము తగినంత ఉన్న కాలములో నాగార్జునసాగరము నుండి శ్రీశైలమునకు పర్యాటక సంస్థ లాంచీ నడుచును. ఇట్టి ప్రయాణములలో భోజనము సాధారణముగా టిక్కెట్టులోనే చేరి యుండును. కాని అన్ని టిక్కెట్లును ఒక్క తీరు కావు. ఫలహారము ఉన్నదా? భోజనము శాకాహారమా, మాంసాహారమా? సాయంకాలము తేనీరు ఇత్తురా? రేవు దాక బస్సు కిరాయి ఎవరిది? పిల్లలకు ఏ వయస్సు నుండి టిక్కెట్టు? ఈ అయిదు ప్రశ్నలు డబ్బు చెల్లింపక ముందు అడుగవలెను. జవాబును రసీదు మీద వ్రాయించుకొనుట ఇంకను మేలు.

అడుగకపోయిన ఫలము మేము అనుభవించినదే. మొదటిసారి లాంచీ ఎక్కినప్పుడు భోజనము టిక్కెట్టులో కలదని ఎరుగక, ఇంటినుండి గిన్నెడు పులిహోర, డబ్బాడు సకినాలు మోసికొని పోతిమి. మధ్యాహ్నము లాంచీవారు విస్తళ్లు వేసిరి. డబ్బు కట్టిన భోజనము మానుటకు మనసొప్పలేదు, తెచ్చిన పులిహోర సాయంకాలమునకు పాడయ్యెను. మా ప్రక్కన కూర్చున్న కుటుంబమువారి కథ దీనికి తలక్రిందులు. ఉదయపు ఫలహారము ఇత్తురను నమ్మకముతో వారు ఏమియు తేలేదు. ఆ టిక్కెట్టులో ఫలహారము లేదు. పిల్లలు ఆకలికి ఏడ్వగా బిస్కట్లు హెచ్చు ధరకు కొనిరి. మేము మా సకినాలు వారికి పంచితిమి, వారు మాకు స్నేహితులైరి. ఆ లాభము మాత్రము లెక్కలో లేనిది.

పేరంటాలపల్లి వద్ద లాంచీ ఆగినప్పుడు కొండరెడ్డి స్త్రీలు వెదురుతో చేసిన పూలు, బుట్టలు అమ్ముదురు. వెదురు బొంగులో కాల్చిన కోడికూర ఆ దారిలో పేరు పొందినది. ఇవి టిక్కెట్టులో చేరినవి కావు. అయినను వీటికై కొంత డబ్బు ముందే తీసి పెట్టుకొనుడని మా సలహా. లాంచీలో చల్లని పానీయమునకు హెచ్చు ధర మారు మాటాడక ఇచ్చి, ఆ తల్లి చేతి బుట్ట దగ్గర పది రూపాయలకు గంటసేపు బేరమాడుట పొదుపు కాదు. అచ్చట ఇచ్చిన డబ్బు చేసిన చేతికే చేరును, కొన్న బుట్ట ఇంటిలో నిలుచును.

ఇక పొదుపునకు చోటు లేని విషయమొకటి కలదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి, సంతోషముగా బయలుదేరిన పలువురు తిరిగి ఇండ్లకు రాలేదు. అందు తెలంగాణమువారును ఉండిరి. నది పోటు మీద ఉన్నప్పుడు చవకగా తీసికొనిపోవుదుమని ఎవరైనను అన్నచో ఆ చవకను అంగీకరింపరాదు. లైఫ్ జాకెట్టు ప్రతివానికి, పసిపిల్లకు సహితము, సరిపోవు కొలతలో ఉన్నదో లేదో చూచి గాని కాలు పెట్టరాదు. ఫొటోలో చీర కనబడదని దానిని విప్పరాదు. గనిలో దిగువాడు టోపీ లేకుండ దిగునా? ఇదియు అట్టిదే.

ఇప్పుడు పెద్ద ఓడ సంగతి. 2022 జూన్‌లో విశాఖపట్నము నుండి చెన్నై వైపునకు కార్డీలియా సంస్థ విహారనౌక నడచినప్పుడు తెలుగువారికి ఈ సరదా దగ్గరయ్యెను. 2023 సెప్టెంబరులో విశాఖ రేవున విహారనౌకల కొరకు ప్రత్యేక టెర్మినలును ప్రారంభించిరి. ఈ ఓడలు ఏడాది పొడుగున ఉండునవి కావు. సంస్థ ప్రకటించిన తేదీలు చూచి సెలవు పెట్టవలెను. వరంగల్లు, విజయవాడల మీదుగా రైలులో పోవువారు ఒక దినము ముందే విశాఖ చేరుట క్షేమము. రైలు ఆలస్యమైనదని ఓడ ఆగదు.

ఓడ టిక్కెట్టు చూచునప్పుడు పెద్ద అక్షరములలోని ధరతో తృప్తి పడరాదు. రేవు రుసుములు, సేవా రుసుము, జి.ఎస్.టి. కలిపిన మొత్తమెంతయని అడుగవలెను. ఆ మొత్తములో గది, పెద్ద భోజనశాల, బఫే, వినోద ప్రదర్శనలు, ఈతకొలను సాధారణముగా చేరి యుండును. ప్రత్యేక భోజనశాలలు, సీసా నీరు, సోడాలు, మద్యము, మసాజు, ఇంటర్నెట్టు, ఫొటోలు, రేవులో దిగి ఊరు చూచుట – వీనికి వేరుగ చెల్లింపవలసి యుండును.

భోజనము విషయములో రెండు మాటలు చెప్పుదుము. ప్రత్యేక భోజనశాలకు పోవుట తప్పు కాదు. పెండ్లి దినమో, బిడ్డ పుట్టిన దినమో వచ్చినచో ఒక్క రాత్రి పోవచ్చును. కాని డబ్బు కట్టిన పెద్ద భోజనశాలను ప్రతి రాత్రి వదలి పోవుట, ఇంట అన్నము వండి హోటలులో తినుట వంటిది. బఫేలో పళ్లెము పట్టుకొనక ముందు ఒక్కసారి చుట్టు తిరిగి ఏమేమి యున్నవో చూడవలెను. మొదటి బల్ల వద్దనే పళ్లెము నింపినవాడు చివరి బల్ల వద్ద పశ్చాత్తాపపడును. బఫేలో నీరు, తేనీరు, కాఫీ ఉచితముగా దొరకుచుండగా, గదిలోని చిన్న ఫ్రిజ్జులో సీసా కనబడినదని మూత తీయరాదు. ఆ మూతకు బిల్లు కలదు. ఆవకాయ లేనిదే ముద్ద దిగనివారు సీసా వెంట తెచ్చుకొన అనుమతి యున్నదో లేదో టిక్కెట్టు నాడే అడుగుట మంచిది. పెక్కు ఓడలలో బయటి తినుబండారములను రానీయరు.

పానీయముల సంగతి కొంత వివరముగా చెప్పవలసి యున్నది. ఏలననగా ఇంటి యజమానులు ఎక్కువగా మోసపోవునది ఇచ్చటనే. ఇందు ఓడవారి మోసము లేదు, మన లెక్కయే మనలను మోసగించును. దినమునకు ఇంతయని ముందే చెల్లించినయెడల కోరినంత త్రాగవచ్చునని ఒక ప్యాకేజీ అమ్ముదురు. ఒకే గదిలోని పెద్దలందరును దానిని కొనవలెననియు, ప్రయాణపు దినములన్నిటికిని కొనవలెననియు చాల సంస్థల నియమము. లెక్క కొరకు ఇట్లనుకొందము: ప్యాకేజీ మనిషికి దినమునకు 2,500 రూపాయలు, ప్రయాణము మూడు దినములు. భార్యాభర్తలకు 15,000 రూపాయలగును. భర్త దినమునకు రెండు గ్లాసులు, గ్లాసు 500 చొప్పున త్రాగిన మూడు దినములకు 3,000. భార్య దినమునకు రెండు పండ్లరసములు, ఒక్కొక్కటి 200 చొప్పున త్రాగిన 1,200. రెండును కలిపి 4,200 మాత్రమే. విడిగా కొన్నవారికి 10,800 రూపాయలు మిగులును. ప్యాకేజీ డబ్బు చెల్లు కావలెనన్న, ఆ భర్త దినమునకు తొమ్మిది గ్లాసులకు మించి త్రాగవలసి వచ్చును!

ఈ అంకెలు మేము కల్పించుకొన్నవి. మీ ఓడ ధరలు వేయించి, మీ అలవాటు వ్రాసి, మీరే లెక్క కట్టుకొనుడు. కాని ఫలితములోని నీతి మాత్రము మారదు. ముందే కట్టిన డబ్బు రాబట్టుకొనవలెనని మనిషి ఇష్టము లేని గ్లాసును కూడ ఎత్తును. ఆ గ్లాసు వలన డబ్బు తిరిగి రాదు, ఒళ్లు మాత్రము పోవును. భర్త ఏడాదికొకసారి తెలివిగా, తీరికగా తన ప్రక్కన కూర్చుండునని వచ్చిన ఇల్లాలికి ఆ మూడు దినములును పోవును. ఆ నష్టమును ఏ బిల్లును చూపదు.

మిగిలిన ఖర్చులను త్వరగా చెప్పి ముగింతుము. ఓడలో గది తాళపు కార్డే డబ్బు సంచి. నోట్లు చేతి నుండి పోవవు కనుక ఖర్చు తెలియదు. పిల్లల కార్డులకు కొనుగోలు లేకుండ చేయుమని మొదటి దినముననే కౌంటరులో కోరవలెను. ఓడ తీరము విడువగానే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచవలెను. లేకున్న అది ఓడలోని ఉపగ్రహపు సిగ్నలును పట్టుకొని, ఇంటికి వచ్చిన తరువాత రోమింగు బిల్లు రూపమున పలుకరించును. ఓడలో వైద్యుడు ఉండును గాని రుసుము ఎక్కువ. బి.పి., షుగరు మాత్రలు, వాంతులు కాకుండుటకు డాక్టరు వ్రాసిన మాత్రలు వెంట ఉండవలెను. ఓడ ఫొటోగ్రాఫరు తీసిన బొమ్మలన్నియు చూడవచ్చును, నచ్చిన ఒక్కటి కొనవచ్చును. జూదపు గది ఉన్న ఓడలో దాని ద్వారము దాటి ముందుకు పోవుటయే లాభము.

ఇంతకును మేము చెప్పు ఉపాయము ఒక్క కాగితముతో తీరును. బయలుదేరుటకు వారము ముందు, భార్యాభర్తలు కూర్చుండి, కాగితము మీద మూడు వరుసలు గీయవలెను. మొదటి వరుసలో ఇదివరకే కట్టినవి, రెండవ వరుసలో తప్పక కట్టవలసినవి, మూడవ వరుసలో మనసు పడినవి. మూడవ వరుసలో ఇంటివారు ఒక్కొక్కరు ఒక్కొక్క కోరిక వ్రాయవలెను, అవ్వను కూడ మరువరాదు. ఆ కోరికలకు మొత్తమింత అని గీత గీసి, ఆ గీత లోపల నిస్సంకోచముగా ఖర్చు పెట్టవలెను. చివరి సాయంకాలము కౌంటరులో బిల్లు అడిగి, వరుస వెంట వరుస చూచుకొనవలెను. ఎక్కువ పడినదేదైనను ఉన్నచో ఓడ దిగక ముందు అడుగుట తేలిక.

ఇట్లు లెక్క చూచుకొనుట లేమి అని ఎవ్వరును సిగ్గుపడ నక్కర లేదు. భూమి అడుగున సంపాదించిన రూపాయి అది. లెక్కయంతయు ఒడ్డున ముగించినవానికి ఓడలో ప్రతి గ్లాసు వద్ద, ప్రతి బల్ల వద్ద మనసులో గుణకారము చేయు పని తప్పును. తెల్లవారు జామున లేచి డెక్కు మీదికి పోయి నిలువవచ్చును. క్యాప్ ల్యాంపు వెలుగున గంటల తరబడి పనిచేసిన కన్నుల యెదుట సముద్రము మీద సూర్యుడు ఉదయించును. ఆ వెలుగు, ఆ గాలి టిక్కెట్టులోనివే. ప్రయాణములో అన్నిటికంటె విలువైన ఆ వస్తువును నిద్రలో పోగొట్టుకొనక, మీరందరును మీ వంతు తీసికొందురుగాక యని కోరుచున్నాము.